వేడెక్కితేనే తిరగబెట్టే గేరుబాక్సు జబ్బు

మా బండి గేరుబాక్సు ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఏ దోషమూ చూపేది కాదు. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా, దాదాపు 120 కిలోమీటర్ల జాతీయ రహదారి మీద, నున్నగా సాగిపోయేది. పొదిలి, మార్కాపురం మీదుగా దోర్నాల చేరి శ్రీశైలం ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాకే అసలు సంగతి బయటపడేది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను మోత పెరిగేది గానీ బండికి ఆ ఊపు అందేది కాదు. రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు గట్టి జర్కు వచ్చేది. మరికాసేపటికి డాష్‌బోర్డులో పసుపుపచ్చ దీపం వెలిగి, బండి ఒకే గేరులో ఉండిపోయేది. షెడ్డుకు తీసుకుపోతే ఆయిలు మార్చేవారు, స్కానర్ పెట్టి బండి కంప్యూటర్ నమోదు చేసిన లోపం కోడ్ చెరిపేవారు, బండి బాగుపడేది. కొన్ని వారాలకు మళ్లీ అదే జబ్బు తిరగబెట్టేది.

ఇది ఏపీ 27 నంబరుతో ఉన్న ఏడు సీట్ల డీజిల్ బండి, ఆరు గేర్ల ఆటోమేటిక్. సెకండ్ హ్యాండులో కొన్నాను. పాత యజమాని దీన్ని చీమకుర్తి గ్రానైట్ క్వారీల పని మీద తిప్పేవారు. కంపెనీ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇక్కడ రాస్తున్నది ఇంజను శక్తిని ఆయిలు ద్వారా గేర్లకు అందించే టార్క్ కన్వర్టర్ అనే భాగం ఉన్న ఏ ఆటోమేటిక్ బండికైనా వర్తిస్తుంది. సర్వీసు కాగితాల్లో ఇంజను ఆయిలు మార్చిన వివరాలన్నీ ఉన్నాయి గానీ గేరుబాక్సు ఆయిలు గురించి ఒక్క ముక్క లేదు. చాలా కంపెనీలు ఆ ఆయిలు బండి ఉన్నన్నాళ్లూ మార్చనక్కర లేదని చెబుతూ వచ్చాయి. గేరుబాక్సులు తయారు చేసే జర్మనీ సంస్థ జెడ్ఎఫ్ మాత్రం తన ఆటోమేటిక్ గేరుబాక్సులకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ల లోపు, ఆయిలు మార్చమని సలహా ఇస్తుంది. మన జిల్లాల ఎండల్లో తిరిగే బండికి నేనైతే ఆ తక్కువ అంకెనే పట్టుకుంటాను.

ఆటోమేటిక్ గేరుబాక్సులో ఆయిలంటే కేవలం కందెన కాదు. ఇంజను తిప్పే శక్తి టార్క్ కన్వర్టర్ లోపల ఆ ఆయిలు ద్వారానే గేర్లకు చేరుతుంది, ఏ గేరు పట్టాలో ఆ క్లచ్ ప్లేట్లను బిగించి పట్టుకునే ఒత్తిడి కూడా ఆయిలుదే, రాపిడిలో పుట్టిన వేడిని, ఆయిలును చల్లార్చే కూలర్ దాకా మోసుకుపోయేదీ ఆయిలే. అందువల్ల ఆయిలు తగ్గినా, పాడైనా, మితిమీరి వేడెక్కినా ఈ మూడు పనులూ ఒకేసారి దెబ్బతింటాయి. ఒత్తిడి చాలక క్లచ్ ప్లేట్లు జారుతాయి, జారితే ఇంకా వేడి పుడుతుంది, ఆ వేడికి ఆయిలు మరింత పలచబడి ఒత్తిడి ఇంకా పడిపోతుంది. 80 డిగ్రీలు దాటాక ప్రతి 11 డిగ్రీలకూ ఆయిలు ఆయుష్షు సగమవుతుందని ఈ రంగంలో ఒక అంచనా లెక్క ఉంది. అది అక్షరాలా నిజం కాకపోయినా, వేడి ఎంత తొందరగా నష్టం చేస్తుందో తెలుసుకోవడానికి సరిపోతుంది.

ఘాట్ రోడ్డు మీదే జబ్బు ఎందుకు బయటపడుతుందన్న దానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. హైవే మీద నిలకడైన వేగంలో కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ బిగిసి, ఇంజనూ గేరుబాక్సూ ఒకటిగా తిరుగుతాయి, కాబట్టి జారుడు ఉండదు, వేడి తక్కువ. మలుపు తరువాత మలుపు వచ్చే నల్లమల రోడ్డులో, నిండా మనుషులతో, నెమ్మదిగా ఎక్కేటప్పుడు ఆ లాకప్ చాలాసేపు విడిపోయే ఉంటుంది. శక్తి మొత్తం ఆయిలు ద్వారానే వెళుతుంది, అందులో కొంత వేడిగా మారుతుంది, ఆ వేడిని చల్లార్చడానికి సరిపడా గాలి ముందు నుంచి తగలదు.

మొదట చూసిన షెడ్డులో స్కానర్ పి 0700 అన్న కోడ్ చూపింది. ఈ కోడ్ జబ్బు పేరు చెప్పదు. గేరుబాక్సు కంప్యూటర్ దగ్గర ఏదో ఫిర్యాదు ఉంది, అక్కడికి వెళ్లి అడుగు అని మాత్రమే చెబుతుంది. చౌక స్కానర్లు ఇంజను కంప్యూటరుతో మాట్లాడి అక్కడితో ఆగిపోతాయి. గేరుబాక్సు కంప్యూటరును కూడా చదవగలిగే స్కానర్ పెడితే పి 0741, అంటే లాకప్ క్లచ్ సరిగా పట్టడం లేదన్న కోడ్ బయటపడింది. అది చూసిన ఒక సర్వీసు సెంటర్ వారు గేరుబాక్సు మొత్తం మార్చాలన్నారు, వారు చెప్పిన ధర బండి కొన్న ధరలో మూడో వంతుకు దగ్గరగా ఉంది. ఇంకొక చోట కన్వర్టర్ మారిస్తే చాలన్నారు. నాకు రెండు మాటలూ రుచించలేదు. లాకప్ పట్టడం లేదన్నది నిజమే కావచ్చు, కానీ చల్లగా ఉన్నప్పుడు చక్కగా పట్టే క్లచ్ వేడెక్కాక ఎందుకు పట్టడం లేదన్న ప్రశ్నకు ఎవరూ సమాధానం చెప్పలేదు.

అప్పటి నుంచి ఒక నోటు పుస్తకం బండిలోనే పెట్టుకుని, లక్షణం కనిపించిన ప్రతిసారీ ఎక్కడ, ఎంత వేగంలో, ఎంతసేపు నడిచాక, బయట ఎండ ఎలా ఉంది, ఏసీ వేసి ఉందా లేదా అని రాయడం మొదలుపెట్టాను. బండి కంప్యూటరును చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్టుకు తగిలించే చిన్న బ్లూటూత్ పరికరం ఒకటి కొని, గేరుబాక్సు ఆయిలు వేడిని సెల్‌ఫోనులో చూసేలా అమర్చుకున్నాను. హైవే మీద 90 డిగ్రీల దగ్గర నిలబడే ఆ అంకె ఘాట్ సగం ఎక్కేసరికి 120 దాటింది, ఆ తరువాత కాసేపటికే జర్కు మొదలైంది. అంతసేపూ ఇంజను వేడిని చూపే ముల్లు మాత్రం మధ్యలోంచి కదలలేదు. చాలా బండ్లలో ఆ ముల్లు చిన్న హెచ్చుతగ్గులను చూపకుండా అమర్చి ఉంటుంది, పైగా అది చూపేది ఇంజను నీళ్ల వేడిని, గేరుబాక్సు వేడిని కాదు. దాన్ని చూసి నిశ్చింతగా ఉండేవారందరికీ ఈ మాట చెప్పాలనిపిస్తుంది.

నోటు పుస్తకంలో మరొకటి కూడా తేలింది. ట్రంకురోడ్డు ట్రాఫిక్కులో ఆగి ఉన్నప్పుడు ఏసీ చల్లదనం తగ్గేది, బండి పరుగెత్తితే మళ్లీ వచ్చేది. ఏసీ కండెన్సర్, గేరుబాక్సు ఆయిలు కూలర్, రేడియేటర్ మా బండిలో ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి, మూడింటికీ ఒకే గాలి. ముందు బంపర్ ఊడదీయించి, కండెన్సరును ముందుకు జరిపి చూస్తే వాటి మధ్య సందుల్లో బూడిదరంగు గ్రానైట్ పొడి తడిసి ఆరి, సిమెంటులా గట్టిపడి ఉంది. క్వారీల్లో తిరిగిన బండి, రాయి కోసే నీళ్ల బురద, దాని మీద ప్రతి వాటర్ సర్వీసులోనూ ముందు నుంచి గట్టిగా కొట్టిన నీళ్లు, ఇవన్నీ కలిసి ఆ పొడిని ఇంకా లోపలికి తోసి ఉండాలి. వాటిని విడదీసి, ఇంజను వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో, ఓపికగా కడగాలి. ఎక్కువ ఒత్తిడి పెడితే పలుచని రేకులు వంగి దారులు మళ్లీ మూసుకుంటాయి. చీమకుర్తి చుట్టుపక్కల తిరిగిన బండి ఎవరు కొన్నా మొదట ఇది చూపించుకోవాలని నేను గట్టిగా కోరుతున్నాను.

కూలర్ శుభ్రపడ్డాక ఘాట్ మీద వేడి తగ్గింది గానీ జబ్బు పూర్తిగా పోలేదు. మిగిలిన సగం సంగతి నెల్లూరు ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ పట్టుకున్నారు. ఇంతకు ముందు ఆయిలు మార్చినప్పుడల్లా ఏ వేళలో మార్చారని ఆయన అడిగారు. మధ్యాహ్నం, బండి షెడ్డుకు చేరిన వెంటనే అని చెప్పాను. "ఎండపొద్దున లెవెల్ చూస్తే ఎట్టా సార్? ఆయిలు ఉబ్బి ఉంటది. రాత్రికి బండి ఈడే వదిలిపెట్టి పోండి, తెల్లారి అయిదుకల్లా చూద్దాం" అన్నారు.

ఆ మాట వెనుక ఉన్న లెక్కను కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నెల్లూరు, ఒంగోలు ఎండల్లో ఇది చాలామందిని ఇబ్బంది పెట్టే విషయం. ఇప్పటి ఆటోమేటిక్ గేరుబాక్సులు చాలావాటికి డిప్‌స్టిక్, అంటే ఆయిలు మట్టం చూసే పుల్ల, ఉండదు. బండిని సమంగా ఎత్తి, ఇంజను ఆన్‌లో ఉంచి, గేరు లివరును అన్ని స్థానాల్లోనూ కాసేపు నిలిపి, ఆయిలు వేడి కంపెనీ చెప్పిన హద్దుల మధ్య ఉన్నప్పుడు కింది ప్లగ్ విప్పాలి. ఎక్కువైన ఆయిలు కారిపోయి, సన్నని ధారగా మారినప్పుడు ప్లగ్ బిగిస్తే లెవెల్ సరిగ్గా ఉన్నట్టు. మా బండికి ఆ హద్దు 35 నుంచి 45 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం నీడలోనే 43 డిగ్రీలుండే ఊళ్లో, పరుగెత్తి వచ్చిన బండి ఆయిలు 80 డిగ్రీల పైన ఉంటుంది. తొమ్మిది లీటర్ల ఆయిలు 40 డిగ్రీలు అదనంగా వేడెక్కితే పావు లీటరు పైగా ఉబ్బుతుంది. ఆ సమయంలో ప్లగ్ విప్పితే, ఉండవలసిన ఆయిలు కూడా ఎక్కువైనదాని లెక్కలో కారిపోతుంది. ఇలా ఆయిలు మార్చిన ప్రతిసారీ బండి కొంత తక్కువ ఆయిలుతోనే బయటికి వచ్చింది. ఏటవాలు ఎక్కుతూ మలుపులు తిరిగేటప్పుడు ఆయిలు ఒక పక్కకు పోయి, పంపు గాలిని కలిపి పీల్చి, ఒత్తిడి పడిపోయేది. కొత్త ఆయిలు కాబట్టి కొన్నాళ్లు బాగున్నట్టు అనిపించేది, అంతే.

ఆయిలు రకం సంగతి కూడా మేస్త్రీ వదలలేదు. కింద నుంచి దించిన ఆయిలు గోధుమరంగులో, కాలిన వాసనతో ఉంది. ఛాంబర్, అంటే గేరుబాక్సు అడుగున ఉండే ఆయిలు తొట్టి, విప్పితే అందులోని అయస్కాంతం మీద మెత్తని బూడిదరంగు ముద్ద మాత్రమే కనిపించింది, లోహపు పలుకులు లేవు. ఆ ముద్ద సహజమైన అరుగుదల, పలుకులు కనిపించి ఉంటే గేరుబాక్సు విప్పక తప్పదని ఆయన చెప్పారు. కంపెనీ పుస్తకంలో రాసిన రకం ఆయిలే సీసా మీద చూసి పోయించాము. 'అన్ని బండ్లకూ సరిపోతుంది' అని అమ్మే ఆయిలును నేను నమ్మను, ఎందుకంటే లాకప్ క్లచ్ ఎంత రాపిడితో పట్టాలన్నది ఆ ఆయిల్లో కలిపే రసాయనాల మీదే ఆధారపడి ఉంటుంది.

ఒక్కసారి దించితే ఆయిలంతా రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. కన్వర్టర్‌లోనూ, కూలర్ గొట్టాల్లోనూ సగం దాకా నిలిచిపోతుంది. సగం మాత్రమే వస్తుందనుకుంటే, మొదటిసారి తరువాత సగం పాత ఆయిలు, రెండోసారి తరువాత నాలుగో వంతు, మూడోసారి తరువాత ఎనిమిదో వంతు మిగులుతుంది. అందుకే మధ్యలో కొన్ని వందల కిలోమీటర్లు నడిపి, మళ్లీ మళ్లీ మార్చాము. చివరగా గేరుబాక్సు కంప్యూటర్ పాత ఆయిలుకు తగ్గట్టు నేర్చుకున్న ఒత్తిడి లెక్కలను చెరిపి, కొత్తగా నేర్పించే నడక నడిపించారు. చాలా షెడ్లలో ఈ ఆఖరి పని చేయరు, అది చేయకపోతే కొత్త ఆయిలు పోసినా పాత జర్కు కొంతకాలం కొనసాగవచ్చు.

ఇప్పుడు ఘాట్ మీద ఆయిలు 105 డిగ్రీలు దాటడం లేదు, దీపం మళ్లీ వెలగలేదు. 60, 70 కిలోమీటర్ల వేగంలో, యాక్సిలరేటర్ మీద కాలు తేలికగా ఉన్నప్పుడు సన్నని వణుకు ఒకటి అప్పుడప్పుడు తెలుస్తోంది. అది లాకప్ క్లచ్ పొర అరిగిన గుర్తు. వేడిలో నడిచిన కాలం తాలూకు నష్టం ఆయిలుతో తిరిగి రాదు. కన్వర్టర్ ఏదో ఒకనాడు మార్చవలసి రావచ్చు, కానీ అది గేరుబాక్సు మొత్తం మార్చడం కన్నా చాలా చిన్న పని. చెన్నై పుదుపేట నుంచి పాత గేరుబాక్సు తెప్పించుకోమని కొందరు స్నేహితులు చెప్పారు. లోపల ఏముందో తెలియని ఇంకో పెట్టెను, అదే మూసుకుపోయిన కూలర్‌కు తగిలిస్తే, అది కూడా ఇదే దారి పట్టేది.

తిరగబెట్టే జబ్బు అన్నింటికీ వేడే కారణమని నేను అనను. సముద్రపు గాలికి పచ్చబడిన ఎర్త్ వైరు, వోల్టేజీ పడిపోయిన బ్యాటరీ కూడా ఇలాంటి కోడ్లనే తెప్పిస్తాయి, అవి చూడటానికి పది నిమిషాలు పట్టదు. కూలర్ రేడియేటర్ లోపలే ఉన్న బండ్లలో అది చిల్లుపడితే నీళ్లు ఆయిల్లో కలిసి, ఆయిలు గులాబీరంగు పాలలా మారుతుంది. అప్పుడు ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు.

ఘాట్ మీద దీపం వెలిగితే క్షేమమైన చోట ఆపి, పార్కులో పెట్టి, ఇంజను ఆపకుండా కొద్దిసేపు నడవనివ్వాలి, ఎందుకంటే ఇంజను తిరుగుతుంటేనే పంపు ఆయిలును కూలరుకు పంపుతుంది. ఎక్కేటప్పుడు మాన్యువల్ మోడ్‌లో తక్కువ గేరు పట్టుకుని వెళితే కన్వర్టర్‌లో జారుడు తగ్గుతుంది. బండి ఆగిపోతే మాత్రం ట్రాక్టరుకు తాడు కట్టి లాగించవద్దు. ఇంజను ఆగి ఉండగా చక్రాలు తిరిగితే గేరుబాక్సులో ఆయిలు కదలదు, లోపలి భాగాలు ఎండిపోయి అరిగిపోతాయి. నాలుగు చక్రాలూ నేల తాకకుండా తీసుకుపోయే బండిని దోర్నాల నుంచో మార్కాపురం నుంచో పిలిపించుకోవాలి, ఆలస్యమైనా సరే.