విరామం తర్వాత కంప్యూటర్ తెరిస్తే

నెలల తరబడి ప్లగ్ తీసి ఉంచిన డెస్క్‌టాప్ ఆన్ చేయగానే ముందు గడియారం చూడండి. లోపలి ప్రధాన బోర్డు, అంటే మదర్‌బోర్డు మీది 3 వోల్టుల సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. ఆ తప్పు తేదీ వల్ల బ్రౌజర్ ఏ సైటు తెరిచినా, అది అసలుదేనని చెప్పే సర్టిఫికెట్ చెల్లదంటుంది. చాలామంది నెట్ పాడైందనుకుంటారు. ప్లగ్ పీకి, కొత్త బిళ్లని ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టి, బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో, తేదీ సరిచేస్తే చాలు.

తర్వాత బ్యాకప్, అంటే ఫైళ్లకు వేరేచోట నకలు, ఆపైనే అప్‌డేట్లు. ఈ వరస తప్పొద్దు. బ్యాకప్ నుంచి ఒక్క ఫైలైనా తెరిచి చూస్తేనే అది ఉన్నట్టు లెక్క.

ఆఫీసు మెయిళ్లు కొత్తవాటి నుంచి వెనక్కి చదవండి. పాత ప్రశ్నలు చాలావరకు ఈలోగా తేలిపోయి ఉంటాయి. ఆగిన రచనకైతే చివరి పేజీ మాత్రం చదివి, దిద్దకుండా కింద నాలుగు వాక్యాలు రాయండి. అప్‌డేట్ నడిచేంతసేపూ ఫోన్ పక్కన పెట్టి ఇంట్లోవాళ్లతో కూర్చోండి.