క్యాంపింగ్‌కు కోడిగుడ్డు పొరటు ఇంట్లోనే చేసి తీసుకెళ్లండి

లక్నవరం దగ్గర టెంట్‌లో పడుకుని లేస్తే ఆకలి మామూలుగా ఉండదు, పిల్లలైతే ముఖం కూడా కడగకుండానే టిఫిన్ ఏదని అడుగుతారు. చెరువు మీద మంచు తేలుతున్న ఆ టైంలో ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చోవడం నాకు అస్సలు ఇష్టం ఉండదు. అందుకే బయల్దేరే ముందు రాత్రే హన్మకొండలో పొరటు చేసి ఫ్రీజర్‌లో పెట్టేస్తాను. మళ్లీ వేడి చేస్తే రబ్బరులా సాగుతుంది, నీళ్లు కారుతుంది అంటారు. రోజూ చేసినట్టే చేస్తే నిజంగానే అలా అవుతుంది.

గుడ్డు ఎక్కువ ఉడికితే అందులోని ప్రోటీన్ బిగుసుకుని తడినంతా బయటికి పిండేస్తుంది. దానికి టమాటా నీళ్లు కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి దీంట్లో టమాటా వద్దు. ఉల్లిగడ్డ సన్నగా తరిగి, తడి పోయి అంచులు ఎర్రబడేదాకా వేయించి, పచ్చిమిర్చి, అల్లం ఎల్లిగడ్డ ముద్ద, పసుపు వేయాలి. నలుగురికి 10 గుడ్లు సరిపోతాయి. ఉప్పేసి గిలక్కొట్టి ఓ పావుగంట పక్కన పెట్టండి, తర్వాత ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ కొంచెం పాలల్లో కలిపి ఆ గుడ్లలో పోయండి, ఆ పిండి తడిని పట్టి ఉంచుతుంది. ఇదంతా వేగిన ఉల్లిగడ్డల మీద పోసి, సన్నమంట మీద గరిటెతో అడుగు నుంచి మెల్లగా తోస్తూ ఉంటే మెత్తటి పెద్ద ముక్కలుగా వస్తుంది, పొడిపొడిగా చిదమకండి. పచ్చి ద్రవం ఎక్కడా కనిపించకపోతే చాలు, వెంటనే వెడల్పాటి పళ్లెంలోకి తీసేయాలి. మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికే ఇంకా ఉడికి, పచ్చసొనలోని ఇనుముకు తెల్లసొనలోని గంధకం కలిసి బూడిదాకుపచ్చ రంగుకు తిరుగుతుంది. తింటే ఏమీ కాదు కానీ చూడబుద్ధి కాదు.

వండిన గుడ్డు బయట 2 గంటలకు మించి ఉండకూడదు, మన ఎండాకాలంలో అయితే గంటే. చల్లారగానే జిప్ కవర్లలో వేసి, గాలి తీసేసి, వేలు మందాన పలుచగా పరిచి ఫ్రీజర్‌లో పడుకోబెట్టండి. అలా అయితే త్వరగా గడ్డకడుతుంది, ఐస్ బాక్సులో ఒకదాని మీద ఒకటి చక్కగా కూర్చుంటుంది.

వరంగల్ నుంచి ములుగు మీదుగా లక్నవరం దాదాపు 70 కిలోమీటర్లు, దూరం పెద్ద సమస్య కాదు. సమస్యల్లా బాక్సు మాటిమాటికీ తెరవడమే. కూల్‌డ్రింకులు వేరే బ్యాగులో పెట్టుకోండి, పొరటుకు కిందా పైనా ఐస్ నింపి మూసేశాక పొద్దున దాకా ముట్టుకోవద్దు. పొద్దున తీసేసరికి కవరు ఇంకా ఐసులా చల్లగా ఉంటేనే వాడండి. ఐసంతా కరిగి గోరువెచ్చగా అయితే మాత్రం ఎంత ఖర్చు పెట్టినా సరే పారేయాల్సిందే, అడవి పక్కన కడుపు పాడైతే ఆసుపత్రికి చాలా దూరం పోవాలి. ఇంకో రాత్రి కూడా ఉంటే ఆ మర్నాటి పొద్దుటికి దీన్ని నమ్ముకోకండి, అటుకులు పట్టుకెళ్లండి.

వేడి చేసేటప్పుడు కవరుతో సహా మరిగే నీళ్లలో వేయడం నాకు నచ్చదు, మామూలు ప్లాస్టిక్ అందుకు పనికిరాదు. చిన్న గ్యాస్ స్టవ్ మీద పెనంలో కొంచెం నూనె వేసి, మూతపెట్టి, సన్నమంట మీద ముక్కముక్కలో ఆవిరి వచ్చేదాకా ఉంచండి. టమాటా, కొత్తిమీర వేయాల్సింది అప్పుడు. జొన్నరొట్టెతో బాగుంటుంది గానీ సర్వపిండితో ఇంకా బాగుంటుంది, అది కూడా రాత్రే చేసుకోవచ్చు. కాకపోతే కాస్త ఎక్కువే చేయండి, దారిలోనే సగం అయిపోతుంది.