పీత లేని ఆబ్లివియన్

2006లో వచ్చిన ‘ఎల్డర్ స్క్రోల్స్ 4: ఆబ్లివియన్’ అనే వీడియో గేమ్‌ని హాస్టల్లో రూమ్మేట్ కంప్యూటర్ మీద ఆడాను. నా వంతు రాత్రి పదకొండు దాటాకే వచ్చేది. 2025 ఏప్రిల్ 22న దాని రీమాస్టర్‌ని, అంటే కొత్త హంగులద్దిన రూపాన్ని ప్రకటించి, ఆ రోజే అమ్మకానికి పెట్టేశారు. కొనడం రెండు నిమిషాల పని. డిస్క్‌లో 125 జీబీ ఖాళీ చేయడానికే ఒక సాయంత్రం పట్టింది. మా పెళ్ళి వీడియోలు తీసి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో పడేశాను. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు.

మొదలు అదే. జైలు గది, చక్రవర్తి యూరియల్ సెప్టిమ్, ప్యాట్రిక్ స్టువర్ట్ గొంతు. ఎలుకల్ని చంపుకుంటూ మురుగుకాలువ దాటి బయటపడగానే వెలుతురు, సరస్సు, అవతలి ఒడ్డున విల్వెరిన్ శిథిలాలు. ‘అప్పుడూ ఇలాగే ఉండేదిగా’ అనిపించింది. అనుమానమొచ్చి పాత స్క్రీన్‌షాట్లు వెతికి చూశాను. ఎక్కడ! మనుషుల మొహాలు పొంగిన పూరీల్లా ఉన్నాయి. ఇన్నేళ్ళూ నా బుర్రే దానికి రంగులేసుకుంటూ వచ్చిందన్నమాట.

అసలు తేడా నాకు లెవెల్ పెరిగేటప్పుడు తెలిసింది. ఈ ఆటలో మనం పెరిగేకొద్దీ శత్రువులూ పెరుగుతారు. పాతదాంట్లో ఎండ్యూరెన్స్ (ఓర్పు) అనే గుణానికి +5 బోనస్ కావాలంటే, దాని కిందున్న నైపుణ్యాలు పది మెట్లు ఎక్కాకే ఆటలో మంచమెక్కి నిద్రపోవాలి, నిద్రపోతేనే లెవెల్ పెరిగేది. అందుకని ఒక నోట్‌బుక్ పెట్టుకుని నిలువు గీతలు గీసేవాణ్ణి. డాలు వాడే నైపుణ్యం పెరగాలని డాలు అడ్డుపెట్టి, ఒడ్డున ఒక మడ్‌క్రాబ్ (పీత) చేత అరగంట కొట్టించుకునేవాణ్ణి. “ఏంట్రా, పీతతో ఏం చేస్తున్నావ్?” అనేవాడు రూమ్మేట్. ఇప్పుడు లెవెల్‌కి 12 పాయింట్లు ఇస్తారు, మూడు గుణాలకు పంచుకుంటే సరి. హాయిగానే ఉంది. కానీ మొదటిసారి ఆ స్క్రీన్ రాగానే చెయ్యి పెన్ను కోసం టేబుల్ తడిమింది.

అప్పట్లో క్వాచ్‌కి, అంటే నరకద్వారం తెరుచుకున్న ఊరికి, ఆలస్యంగా, లెవెల్ బాగా పెరిగాక వెళ్ళి నానా అవస్థలు పడ్డాను. ఈసారి మూడో లెవెల్లోనే వెళ్ళాను. రెండుసార్లు చచ్చాను, మూడోసారి ద్వారం లోపలి గోపురం పైదాకా పరిగెత్తి, ఆ ద్వారాన్ని తెరిచి ఉంచే సిగిల్ స్టోన్ లాగేశాను. పరిగెత్తడం అంటున్నానే, స్ప్రింట్ (వేగంగా దౌడు తీయడం) కొత్తగా చేర్చిందే. మా పాత గ్రాఫిక్స్ కార్డు మాత్రం అడవిలో ఆయాసపడింది. నీడలు తగ్గించాక దారికొచ్చింది.

తెర మీద బొమ్మంతా అన్‌రియల్ ఇంజిన్ 5 అనే కొత్త సాఫ్ట్‌వేర్ గీస్తుంది, లోపల ఆట నడిపేది మాత్రం పాత ఇంజినే. తాళం తీస్తుంటే అది వేళ్ళకే తెలిసిపోయింది.

ఇంపీరియల్ సిటీ గుడిలో టాండిల్వే అనే ఆవిడ ఉంటుంది. అప్పట్లో ఆ డబ్బింగ్ నటి మధ్యలో తడబడి, ఆగి, ఆ ముక్క మళ్ళీ చెప్పింది. దాన్ని కత్తిరించడం మర్చిపోయారు. ఈసారి పనిగట్టుకుని వెళ్ళి, పుకార్లేమున్నాయని అడిగాను. తడబడింది, ఆగింది, మళ్ళీ చెప్పింది. రికార్డ్ చేసి రూమ్మేట్‌కి పంపాను. “పీత ఎలా ఉంది?” అని జవాబిచ్చాడు.