ఒక్క దెబ్బ తాళం

ఎనిమిదో తరగతిలో మన బడి బ్యాండులో నాకు తాళాలు, అంటే రెండు పళ్ళేల్లా కలిపి కొట్టేవి, ఇచ్చారు. సైడ్ డ్రమ్ము కావాలని ఎంత అడిగినా డ్రిల్లు మాస్టారు వినలేదు. ఆ ఏడు ఆగస్టు 15న, నాలుగు లెక్కలు ఆగి కొట్టాల్సిన చోట నేను మూడో లెక్కకే కొట్టేశాను, ముందు వరస వాళ్ళ అడుగు తప్పింది. మాస్టారు తిట్టలేదు. సాయంత్రం స్టోర్ రూములో నాతో తాళాలు చింతపండు పెట్టి తోమిస్తూ, "కొట్టడం ఎవడైనా కొడతాడురా, తాళాలు పట్టుకున్నవాడికి ఆగడం రావాలి" అన్నారు. మన బ్యాచ్ వాళ్ళకి ఆ గొంతు గుర్తుండే ఉంటుంది.

రెండేళ్ళ కిందట ఆఫీసు పని మీద ప్రాగ్ వెళ్ళాను. అక్కడ వల్తావా నది ఒడ్డున రుడోల్ఫినుం అనే సంగీత మందిరం ఉంది, 1885లో తెరిచింది. ఆ శనివారం అందులో కచేరీ, అన్నీ చెక్ స్వరకర్త ఆంటొనిన్ ద్వోర్జాక్ రాసినవే. అందులోని కచేరీ హాలుకు పేరు కూడా ఆయనదే, చెక్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా మొట్టమొదటి కచేరీని 1896 జనవరి 4న ఆయనే అక్కడ నడిపించాడు. నాకు బాల్కనీలో సీటు దొరికింది, అక్కడి నుంచి ఆర్కెస్ట్రా చివరి వరస కూడా బాగా కనిపిస్తుంది.

మొదట 'కార్నివాల్' వాయించారు, అందులో తాళాలకు చేతినిండా పని, తిరునాళ్ళలా ఉంటుంది. తర్వాత సెల్లో కాన్చెర్టో, అంటే పెద్ద వయొలిన్ లాంటి సెల్లో ముందుండి, ఆర్కెస్ట్రా తోడుగా వాయించేది. ఆయన భార్య అక్క జోసెఫీనా 1895లో చనిపోయాక, ఆమెకు ఇష్టమైన తన పాట వరసను కలిపి దీని ముగింపు మళ్ళీ రాశాడట. అది తెలిసి వింటే చివర్లో గొంతు పట్టేస్తుంది.

విరామం తర్వాత ఆయన తొమ్మిదో సింఫనీ, 'న్యూ వరల్డ్', ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించే నాలుగు భాగాల పెద్ద రచన. న్యూయార్క్‌లో సంగీత కళాశాలకు డైరెక్టరుగా ఉన్నప్పుడు రాశాడు, 1893 డిసెంబరులో కార్నెగీ హాల్లో మొదటిసారి వినిపించారు. నలభై నిమిషాల పైచిలుకు సంగీతం. ఇందులో తాళాలు మోగేది ఒకే ఒక్కసారని చేతికిచ్చిన ప్రోగ్రాం పుస్తకంలో చదివాను, ఇక నా కళ్ళు చివరి వరసలో తాళాల పక్కన కూర్చున్న ఆ పెద్దమనిషి మీద నుంచి కదల్లేదు.

రెండో భాగంలో ఇంగ్లిష్ హార్న్ అందుకుంది. పేరుకే హార్న్, మన సన్నాయిలాగే జంట పీక నుంచి ఊదే వాద్యం. ఊరు వదిలి దూరంగా ఉన్నవాళ్ళు ఆ వరస వింటే ఏమవుతుందో నేను చెప్పలేను, నేను మాత్రం అద్దాలు తీసి తుడుచుకున్నాను. ట్యూబా అనే పెద్ద ఇత్తడి బూర వాయించే ఆయనకు మొత్తం సింఫనీలో ఈ భాగంలోనే పని, అదీ కొన్ని స్వరాలే. మూడో భాగంలో ట్రయాంగిల్, ఆ ముక్కోణపు కడ్డీ, మోగింది. తాళాలాయన అలాగే కూర్చున్నాడు.

నాలుగో భాగం మొదలైంది. ట్రంపెట్లు, హార్న్‌లు హోరెత్తించి, ఆ వేడి కాస్త తగ్గుతుండగా ఆయన నెమ్మదిగా లేచాడు. నా కాలి బొటనవేలు బూటులో లెక్క వేస్తోంది. రెండు పళ్ళేలూ తాకీ తాకనట్టు ఒక్కసారి కలిశాయి, ఆ మోత ఆరేలోపే క్లారినెట్ మెల్లగా పైకి లేచింది. అంతే. తాళాలు పక్కన పెట్టి మళ్ళీ కూర్చుని, చివరిదాకా ఇంకో తొమ్మిది నిమిషాలు కదలకుండా విన్నాడు.

ద్వోర్జాక్ కసాయి దుకాణం, సత్రం నడిపే ఇంట్లో పుట్టినవాడు. 1862 నుంచి 1871 దాకా ప్రాగ్ నాటకశాల ఆర్కెస్ట్రాలో వయోలా, వయొలిన్ కన్నా కాస్త పెద్దది, వాయించాడు. వయోలా వాళ్ళకి కూడా ఆగి లెక్కపెట్టుకోవడం బాగా అలవాటే. అన్నేళ్ళు అలా కూర్చున్నవాడు కాబట్టే ఆ ఒక్క దెబ్బను అంత నమ్మకంగా రాయగలిగాడని నాకనిపిస్తుంది.

చప్పట్ల మధ్య కండక్టరు ఒక్కొక్కరినీ లేపుతూ చివరి వరసకి కూడా చెయ్యి చూపించాడు. ఆయన లేచి తల వంచాడు. నేను బాల్కనీలో నిలబడి అరచేతులు మండేదాకా కొట్టాను. మాస్టారు ఉండి ఉంటే ఆ రాత్రే ఫోన్ చేసేవాణ్ణి.

సంక్రాంతికి ఊరు వస్తున్నాను. ఆ తాళాల జత ఇంకా స్టోర్ రూములో ఉందేమో, బడికి దగ్గర్లో ఉన్నవాళ్ళు ఎవరైనా చూసి చెప్పండి. ఎడమ దాని అంచున చిన్న నొక్కు ఉంటుంది.