తూకంలో కనిపించని లోటు

పడుకుంటే ఊపిరాడక మొదట రెండు దిండ్లు, తరవాత మూడు పెట్టుకున్నాను. చెప్పులు బిగుతయ్యాయి. నడుము దగ్గర బట్టలు పట్టడం లేదు. లావవుతున్నానని రాత్రి భోజనం మానేశాను. ఎంత మానినా బరువు పెరుగుతూనే ఉంది. ఇదేమి ఒళ్లురా దేవుడా అని విసుక్కున్నానే గానీ, అది కొవ్వు కాదు నీరు అన్న ఆలోచన రాలేదు.

"హార్ట్ ఫెయిల్యూర్" అన్న మాట విన్నాక డాక్టరు గారు చెప్పినవేవీ నా చెవికెక్కలేదు. గుండె ఆగిపోబోతోందనే అనుకున్నాను. మా ఆయన కాగితం మీద రాసుకున్నారు కాబట్టి సరిపోయింది. గుండె ఆగదు, కొట్టుకుంటూనే ఉంటుంది. కాకపోతే ఒంటికి కావలసినంత రక్తాన్ని తోయలేకపోతోంది. ఎడమ జఠరికలో, అంటే గుండె ఎడమవైపు కింది గదిలో, చేరిన రక్తంలో ఒక్కో స్పందనకు ఎంత బయటికి పోతుందో చెప్పే అంకె, ఎజెక్షన్ ఫ్రాక్షన్, మామూలుగా 55 శాతం పైన ఉండాలి. నాకు 30 ఉంది. రక్తం సరిగా అందకపోయేసరికి మూత్రపిండాలు ఒంట్లో నీరు తగ్గిందని పొరబడి, దొరికిన ఉప్పునంతా దాచుకుంటాయట. ఉప్పు ఎక్కడ నిలిస్తే నీరూ అక్కడే నిలుస్తుంది. ఆసుపత్రిలో ఉన్న ఆరు రోజుల్లో ఒంట్లో నీటిని మూత్రంగా పంపేసే ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్లతో ఆరు కిలోల నీరు పోయింది. 68 కిలోలతో చేరి 62తో ఇంటికొచ్చాను.

వస్తూ వస్తూ ఒక కాగితం తెచ్చుకున్నాను. రోజుకు సోడియం 2 గ్రాములు మించకూడదు, ద్రవాలు లీటరున్నర, రోజూ ఉదయం మూత్రానికి వెళ్లాక, ఏమీ తినకముందు బరువు చూసుకోవాలి, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోను చేయాలి. నేను లెక్కల టీచరుగా పని చేసినదాన్ని. ఇక మీరు చూసుకోనక్కరలేదని మా ఆయనతో అన్నాను.

మొదటి తప్పు అక్కడే చేశాను. కాగితంలో ఉన్నది సోడియం, నేను చదివింది ఉప్పు. ఉప్పులో సోడియం 40 శాతమే ఉంటుంది. అంటే రెండు గ్రాముల సోడియమంటే ఐదు గ్రాముల ఉప్పు, సుమారు ఒక చెంచా. నేను చిన్న త్రాసులో రెండు గ్రాముల ఉప్పు తూచి రోజంతటికీ సరిపెట్టేదాన్ని. బ్రెడ్డులో, జున్నులో, డబ్బా సూపుల్లో దాగిన ఉప్పు సంగతి తెలిశాక అదీ మానేశాను. బ్రెడ్డు నాలుకకు ఉప్పగా తగలదు గానీ నాలుగు ముక్కలు తింటే లెక్క బాగానే పడుతుంది. చప్పటి తిండి రెండు ముద్దలకే వెగటు పుట్టేది. తినడం తగ్గింది. బరువూ తగ్గింది. ఇంట్లో అందరికీ సంతోషమే, నీరు లాగేస్తోందని. నాకైతే మరీ సంతోషం. ఎప్పటి నుంచో తగ్గాలనుకుంటున్న బరువాయె.

మధ్యలో మా చెల్లెలు "ఉప్పుకు బదులు ఉప్పు" ఒక డబ్బా తెచ్చింది. అక్క కష్టం చూడలేక తెచ్చిందే. అది పొటాషియం క్లోరైడు. గుండెకని నేను వేసుకునే మందులు స్పైరనోలాక్టోన్, రామిప్రిల్ రెండూ ఒంట్లో పొటాషియాన్ని నిలబెట్టేవే. మామూలు రక్తపరీక్షలో పొటాషియం 5.9 వచ్చింది, 5 దాటకుండా ఉండాల్సింది. ఇంకాస్త పెరిగితే గుండె లయే తప్పుతుందట. డబ్బా ఆ రోజే చెత్తబుట్టలో పడింది. చెల్లెలితో మాత్రం అయిపోయిందని చెప్పాను.

రెండు నెలలకు 57 కిలోలకు దిగాను. ఒకరోజు కుర్చీలోంచి లేవబోతే చేతులు ఆనించకుండా లేవలేకపోయాను. గుండె బలహీనత కదా అని సరిపెట్టుకుంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు. "అమ్మా, నీ చేతులు చూసుకున్నావా?" అని డైటీషియన్ దగ్గరికి లాక్కెళ్లింది.

ఆవిడ నా అంకెల పుస్తకం పక్కన పెట్టేసింది. ముందు నా చేతి చుట్టుకొలత చూసింది, పిడికిలి బిగించమంది, అర నిమిషంలో చేతులు ఆనించకుండా ఎన్నిసార్లు కుర్చీలోంచి లేవగలనో లెక్కపెట్టింది. నాలుగు. "ఆసుపత్రిలో పోయింది నీరు. ఇంటికొచ్చాక పోయింది కండ" అంది. ఇంకో మాట కూడా అంది, అది ఇప్పటికీ ఒళ్లు జలదరించేలా గుర్తుంది. కండ ఒక కిలో కరిగి నీరు ఒక కిలో చేరితే తూకం మారనే మారదట. రోజూ భక్తిగా నేను రాసుకున్న ఆ అంకె నాకు సగం సంగతే చెబుతోందన్నమాట.

ఉప్పు లెక్క సరిచేసింది. నేను అలిగినట్టు మొహం పెడితే 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన సోడియం-హెచ్ఎఫ్ అనే పరిశోధన గురించి చెప్పింది. ఎనిమిది వందల మందికి పైగా రోగుల్లో సగం మందికి సోడియం 1,500 మిల్లీగ్రాముల లోపు లక్ష్యంగా పెడితే, మరణాలూ ఆసుపత్రి చేరికలూ తగ్గినట్టు తేలలేదు. రోజువారీ జీవితం మాత్రం కొంత మెరుగైంది. ఉప్పు పోసుకొమ్మని కాదు, ఉప్పుకు భయపడి అన్నం మానొద్దని చెప్పడం ఆవిడ ఉద్దేశం.

కడుపు గోడల్లోనూ నీరు నిలుస్తుంది కాబట్టే రెండు ముద్దలకు నిండినట్టుంటుందట. అందుకని మూడు పూటల భోజనం ఆరు చిన్న పూటలైంది. నా మూత్రపిండాల పరీక్షలు చూసి, రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా మాంసకృత్తులు తినమంది. ప్రతి పూటా గుడ్డో, పెరుగో, పప్పో, చేపో ఏదో ఒకటి ఉండాలి. రుచికి నిమ్మరసం, వెల్లుల్లి, మిరియాలు. మొదట్లో అదంతా మందు మింగినట్టే ఉండేది. నెలన్నర గడిచాక పెళ్లిలో ఒక కూర నోట్లో పెట్టుకుంటే సముద్రం మింగినట్టనిపించి పక్కన పెట్టేశాను. తలనొప్పికి వేసుకునే నీళ్లలో బుసబుసలాడే మాత్రలోనూ సోడియం ఉంటుందనీ, ఐబుప్రొఫెన్ ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతుందనీ అప్పుడే తెలిసింది. రెండూ మా అలమారులోనే ఉండేవి.

దాహం మాత్రం నన్ను ఏడిపించింది. చిన్న కప్పుతో తాగడం, మంచుముక్క చప్పరించడం, అన్నీ చేశాను. పరిస్థితి కుదుటపడ్డాక డాక్టరు గారే ఆ లీటరున్నర పట్టు సడలించారు. ఆ సాయంత్రం ఒక నిండు గ్లాసు మంచినీళ్లు ఆపకుండా తాగాను. అంత రుచైన పదార్థం ఈ జబ్బులో నేను మరొకటి ఎరగను.

ఒకసారి ప్రయాణంలో వేరే దారి లేక రెండు పూటలూ డబ్బా సూపే తాగాను. రెండు రోజుల్లో కిలో ఎనిమిది వందలు పెరిగింది. రెండు కిలోలు కాలేదు కదా అని ఊరుకోబోయాను. చీలమండ నొక్కి చూస్తే గుంట పడింది. ఫోను చేశాను. మూడు రోజులు నీరు పోయే మాత్ర మోతాదు పెంచారు, దిగిపోయింది.

ఎనిమిది నెలలైంది. ఈమధ్య తీసిన ఎకోలో, అంటే గుండె స్కానులో, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 38 శాతం వచ్చింది. బరువు నెలకు కొద్దికొద్దిగా పెరుగుతోంది, చీలమండలకు మాత్రం వాపు లేదు. పుస్తకంలో ఇప్పుడు రెండు గళ్లు గీసుకున్నాను. ఈ ఉదయం మొదటి గడిలో 59.6 అని రాశాను. రెండో గడిలో, కుర్చీ లెక్క, 11.