నా అనుభవం: నెట్ మీటర్ బిగించకముందే సోలార్ ఆన్ చేయనివ్వకండి

సబ్సిడీ 78,000 నిన్ననే ఖాతాలో పడింది. హనుమకొండలో మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద పెట్టించాం. వాడకట్టులో కనిపించినవాళ్లంతా అడుగుతున్నారు, అందుకే ఒక్కసారే రాసి పెడుతున్నా. నెట్ మీటర్ అంటే మనం లైన్ నుంచి వాడుకున్న కరెంటునూ, లైన్లోకి పంపినదాన్నీ విడివిడిగా లెక్కపెట్టే మీటరు.

పోర్టల్‌లో దరఖాస్తు తేలికే. కరెంటు బిల్లు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు మూడింటిలో పేరు ఒక్కటే ఉండాలి. మీటరు ఇంకా చనిపోయిన తాత పేరు మీదే ఉంటే ముందు అది మార్పించుకోండి. 10 కిలోవాట్ల లోపు అయితే ఫీజిబిలిటీ పరిశీలన (మన లైనుకు సోలార్ కలపడం వీలవుతుందా అని చూడటం) లేకుండానే దరఖాస్తు ఒప్పుకున్నట్టు లెక్క, అవసరమైతే మన కనెక్షన్ లోడు కూడా డిస్కమే (కరెంటు సంస్థే) పెంచాలి. 2024లో కేంద్రం రూల్సులో ఈ మార్పు తెచ్చింది. "ఫీజిబిలిటీకి కొంచెం ఖర్చయితది" అని ఎవరన్నా అంటే ఆ రూలు ముందు పెట్టండి.

సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000. ఆపైన ఎంత పెట్టినా పెరగదు. ప్యానెల్ లోపలి సెల్లు కూడా మన దేశంలోనే తయారై ఉండాలి, వాటినే డీసీఆర్ ప్యానెళ్లంటారు. చవగ్గా వస్తున్నాయని వేరేవి పెట్టిస్తే సబ్సిడీ మీద ఆశ వదులుకోవడమే. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వస్తున్నవాళ్లు మాత్రం తొందరపడకండి, పెట్టిన డబ్బు ఎప్పటికి తిరిగొస్తుందో చెప్పడం కష్టం.

బిగింపులో కాస్త దగ్గరుండి చూసుకోవాలి. 550 వాట్ల ప్యానెళ్లు ఆరు, దక్షిణం వైపు 15 నుంచి 18 డిగ్రీల వాలు, నీడ పడని 300 చదరపు అడుగులు. ఎర్తింగ్ గుంతలు మూడు వేయించండి: డీసీ (ప్యానెళ్ల) వైపుకొకటి, ఏసీ (ఇంటి కరెంటు) వైపుకొకటి, పిడుగు కడ్డీకొకటి. రెండింటితో సరిపెట్టాలని చూస్తారు, ఒప్పుకోవద్దు. ప్యానెళ్ల వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్లు వాటికోసమే ఉన్న క్రింపింగ్ టూల్‌తోనే నొక్కాలి. కటింగ్ ప్లేయర్‌తో నొక్కితే పట్టు వదులై, వేడెక్కి కరుగుతాయి. డీసీ వైర్లు మొత్తం పైపులో పోవాలి. మన దగ్గర కోతులు వేలాడుతున్న వైరును బతకనివ్వవు.

ఇక అసలు బాధ. నెట్ మీటరు స్టాకు లేదని కరెంటు సెక్షన్ ఆఫీసువాళ్లు తిప్పారు. ఈలోగా సోలార్ బిగించిన వెండర్ మనిషి ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీని ఇంటి ఏసీ కరెంటుగా మార్చే పెట్టె) ఆన్ చేసి, "ఊకెనే ఎందుకు పోవుడు సార్, నడవనీ" అని వెళ్లిపోయాడు. ఆ నెల బిల్లు ఎప్పటికంటే ఎక్కువ వచ్చింది! కౌంటర్ దగ్గర అడిగితే, "సోలార్ ఉన్నదని ఏసీలు బాగ నడిపిండ్రు కావచ్చు" అన్నాడు. లైన్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. బిల్లు చదవడం రానివాడితో మాట్లాడినట్టు మాట్లాడాడు.

జరిగిందేమిటంటే, పాత ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావరకు కరెంటు ఎటు పోయినా ముందుకే తిరుగుతాయి. తీగలు తిరగేసి కరెంటు దొంగిలించేవాళ్లను ఆపడానికి అలా తయారు చేశారు. అంటే మధ్యాహ్నం మన డాబా మీది నుంచి లైన్లోకి వెళ్లే ప్రతి యూనిట్‌నూ మనం వాడుకున్నట్టే రాసుకుంటుంది. 3 కిలోవాట్లకు ఎండ బాగుంటే రోజుకు 12 యూనిట్ల దాకా వస్తుంది, పగలు ఇంట్లో ఎవరూ లేకపోతే సగానికి పైగా బయటికే. దానికితోడు నెలకు 200 యూనిట్లు దాటితే శ్లాబే మారిపోతుంది.

పరీక్ష చాలా సులువు. మిట్టమధ్యాహ్నం ఇన్వర్టర్ నడుస్తుండగా ఇంట్లో అన్ని స్విచ్‌లూ, ఫ్రిజ్‌తో సహా ఆపేయండి. మీటరు మీద ఎర్ర లైటు ఇంకా మినుకుతూ రీడింగ్ పెరుగుతుంటే అదే జబ్బు. నేను దాన్ని వీడియో తీసి, ఇన్వర్టర్ యాప్‌లోని రోజువారీ ఉత్పత్తి లెక్కతో కలిపి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నా. నోటిమాట ఆ ఆఫీసులో చెల్లదు. చివరికి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) వచ్చి చూసి, నిమిషంలో ఒప్పుకుని బిల్లు సవరించారు. కౌంటర్ మనిషి మాత్రం తల ఎత్తలేదు.

కాబట్టి నెట్ మీటర్ బిగించేదాకా ఇన్వర్టర్ ఏసీ స్విచ్ ఆఫ్‌లోనే ఉంచండి. బిగించిన రోజే అదే పరీక్ష మళ్లీ చేయండి. ఈసారి డిస్‌ప్లేలో ఎక్స్‌పోర్ట్ (లైన్లోకి పంపినది) అంకె పెరగాలి. ఇంపోర్ట్ (లైన్ నుంచి తీసుకున్నది) పెరిగితే లైను వైపు, ఇంటి వైపు తీగలు తారుమారయ్యాయన్నమాట. వాళ్లు సీలు వేయకముందే చెప్పండి, వేశాక మళ్లీ దరఖాస్తంటారు.

కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతుంది, దానికి వెండర్‌తో గొడవ పడకండి. స్తంభం మీది లైన్‌మన్ ప్రాణం కోసం ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. బ్యాటరీ లేని వాటన్నింటికీ ఇంతే. నెలనెలా రీడింగ్ తీసేవాళ్లు వచ్చినప్పుడు పక్కనే నిలబడి ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ రెండు అంకెలూ ఎక్కించారో లేదో చూసుకోండి.