బుల్లెట్ మీద గిటార్, బొబ్బిలిలో మేళం

గిటార్ వీపున వేసుకుని బండి నడిపేవాళ్ళని గాలి పెట్టే ఇబ్బంది అంతా ఇంతా కాదు. గిటార్ మెడ హెల్మెట్ కన్నా పైకి లేచిందంటే గంటకు 60 దాటగానే భుజాలు వెనక్కి గుంజేస్తాయి. కిందికి దించి కట్టుకుంటే అడుగుభాగం సీటుకి కొట్టుకుంటుంది. క్యారియర్‌కి అడ్డంగా కడదామంటే మధురవాడ ట్రాఫిక్‌లో పక్క ఆటోకి తగలడం ఖాయం. చివరికి నాకు కుదిరిన పద్ధతి ఇది: వెనక సీటు మీద మందపాటి ఫోమ్ ముక్క పెట్టి, సంచి పట్టీలు వదులు చేసి, గిటార్ అడుగు ఆ ఫోమ్ మీద ఆనేలా చూసుకోవడం. బరువంతా సీటే మోస్తుంది. తీగల బిగువు కూడా బాగా దించేస్తాను. ఎండకి జిగురు మెత్తబడితే బిగువుగా ఉన్న తీగలు పైచెక్కని లేపేస్తాయి. అందుకే సంక్రాంతి వెళ్ళిన తర్వాత, ఇంకా మంచు పడే రోజుల్లో, తెల్లవారకముందే విశాఖలో బయల్దేరాను.

బొబ్బిలి 120 కిలోమీటర్లకు అటూఇటూ. బైకు మీద తిరిగేవాళ్ళకి అదేమంత దూరం కాదు. బొబ్బిలి అంటే అందరికీ 1757 నాటి యుద్ధం, తాండ్ర పాపారాయుడు గుర్తొస్తారు. నేను వెళ్ళింది మాత్రం ఊరికి దగ్గరలో ఉన్న గొల్లపల్లికి, వీణ మీద మెట్లు, అంటే తీగని ఆనించి నొక్కే అడ్డపట్టీలు, ఎలా బిగిస్తారో చూడటానికి. ట్యాంక్ బ్యాగులో నేను సొంతంగా కట్టుకున్న ఒక పెట్టె ఉంది: రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ బోర్డు, చిన్న మైకు, అరచేతిలో పట్టే తెర, ఒక పవర్ బ్యాంకు. తీగ మీటితే దాని శ్రుతిని అంకెల్లో చూపిస్తుంది.

ఫోన్లో దొరికే ట్యూనర్ యాప్‌లు చాలవా అంటే, చాలవు. చాలా యాప్‌లు స్థాయిని (కింది స నుంచి పై స దాకా) పన్నెండు సమాన భాగాలు చేసేసి, మనం మీటిన స్వరాన్ని అందులో దగ్గరిదానికి తోస్తాయి. నాకు కావలసింది అలాంటి రెండు స్వరాల మధ్య ఏం జరుగుతోందన్నది. ధ్వనిని శ్రుతుల వారీగా గడుల్లోకి విడదీసే మామూలు ఎఫ్‌ఎఫ్‌టీ లెక్క ఇలాంటి పనికి సరిపోదు. ధ్వనిని సెకనుకి 44,100 సార్లు కొలిచి (ఒక్కో కొలత ఒక శాంపిల్), 4,096 శాంపిళ్ళ ముక్క మీద ఎఫ్‌ఎఫ్‌టీ చేస్తే ఒక్కో గడి దాదాపు 10.8 హెర్ట్జ్ (సెకనుకి కంపనాలు) వెడల్పు వస్తుంది. గిటార్ నాలుగో తీగ 146.8 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అక్కడ ఒక మెట్టుకీ పక్క మెట్టుకీ ఉన్న తేడాయే 9 హెర్ట్జ్‌కి లోపు. అంటే రెండు మెట్లు ఒకే గడిలో పడిపోవచ్చు. అందుకని ఆటోకోరిలేషన్ రాశాను. తరంగాన్ని దాని మీదే కొంచెం కొంచెంగా జరుపుతూ, మళ్ళీ ఎక్కడ సరిగ్గా కలుస్తుందో వెతకడం అది. ఆ నాలుగో తీగకి దాదాపు 300 శాంపిళ్ళ దగ్గర కలుస్తుంది. ఒక్క శాంపిల్ అటూఇటూ అయితే 6 సెంట్ల దాకా తేడా వస్తుంది కాబట్టి, మధ్యలో ఒక పారాబోలా, అంటే వంపు గీత, గీసి అసలు శిఖరం ఎక్కడుందో పట్టుకోవాలి. సెంటు అంటే, ఒక మెట్టుకీ పక్క మెట్టుకీ మధ్య దూరంలో నూరో వంతు. ఈ కోడ్ రాసినన్ని రాత్రులూ ఎంత సంతోషంగా ఉన్నానో!

తగరపువలస దాటాక హైవే పక్కన ఒక హోటల్ దగ్గర ఆగాను. రెండు గుక్కల్లో అయిపోయే కాగితం కప్పు టీకి 20 రూపాయలు. పెట్రోలు లీటరు వంద దాటి ఏళ్ళు గడిచింది, ఇప్పుడు టీ కూడా ఆ దారే పట్టింది. దానికి తోడు, హెల్మెట్ తీసేలోపే బిల్లు చేతిలో పెట్టారు. ఆ చిరాకు విజయనగరం దాకా పోలేదు.

విజయనగరంలో సంగీత కళాశాల ముందు కాసేపు బండి ఆపాను. 1919లో మొదలైన ఈ కళాశాలకి మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామి నాయుడు ఇక్కడే వయొలిన్ నేర్పారు, ఘంటసాల ఇక్కడే చదువుకున్నారు. నేను ఎక్కువగా తలుచుకునేది ద్వారం వారిని. ఎక్కడో పడమటి దేశాల్లో పుట్టిన ఫిడేలు ఆయన చేతిలో మన వాద్యం అయిపోయింది. గిటార్ మన సంగీతానికి పనికిరాదని ఎవరైనా అంటే నాకు ఆయనే గుర్తొస్తారు. గేటు ఇంకా తీయలేదు. లోపల ఎవరో పొద్దున్నే సరళీ వరసలు సాధన చేస్తున్నారు.

గజపతినగరం నుంచి రామభద్రపురం దాకా ఒడిశా వైపు పోయే లారీల వెనకాలే నడిచింది ప్రయాణం. ఆ దుమ్ము, ఆ పొగ, ఓవర్‌టేక్ చేయబోతే ఎదురుగా ఇంకో లారీ. సాలూరు రోడ్డు వదిలేసి బొబ్బిలి వైపు కుడికి తిరిగాకే గాలి కాస్త చల్లబడింది. మామిడి పూత వాసన హెల్మెట్ లోపలికి కూడా వచ్చింది.

గొల్లపల్లిలో నేను వెళ్ళిన ఇంటి వాకిట్లో పనస దుంగలు నీడన ఆరుతున్నాయి. బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు రావడానికి కారణాల్లో ఒకటి ఈ పనస దుంగే. కుండ (గుండ్రటి అడుగు), దండి (పొడవాటి మెడ), యాళి (సింహం లాంటి మృగం) తల ఉండే చివరి భాగం వేటికవి చేసి అతికించకుండా, ఒకే దుంగలోంచి తొలిచేస్తారు. నా గిటార్ అలా కాదు. పైచెక్క మందం 3 మిల్లీమీటర్ల లోపు, పక్కలు ఆవిరితో వంచినవి, మెడ వేరు, అన్నీ కలిపి జిగురు మీద నిలబడ్డ వాద్యం. తొలిచి పక్కన పెట్టిన కుండలో వేలితో తడితే వచ్చిన మోత విని అక్కడే ఇంకాసేపు నిలబడిపోయాను. ఇంట్లో అల్మారాల్లో మాత్రం జానెడు వీణలే ఎక్కువ ఉన్నాయి. సభల్లో జ్ఞాపికలుగా ఇవ్వడానికి అవే అడుగుతారట. వాయించే వీణ అడిగేవాళ్ళు తగ్గిపోయారని ఆ ఇంటి పెద్దాయన చెప్తుంటే బాధేసింది.

నేను రాగానే ఆయన అన్న మొదటి మాట ఇది: "ఏటి బాబూ, వీపు మీద ఇంత బరువు మోసుకొచ్చీసావు. కూకో ముందు. ఏటది, సితారా?"

"గిటార్ తాతగారూ."

సంచి విప్పి చేతికిచ్చాను. తీగలు శ్రుతి చేసే దాకా ఆయన ఆగలేదు. మెట్ల మీద వేలు పెట్టి అటూ ఇటూ కదిపి చూశారు. "ఇవి కదలవేటి?" అన్నారు. కదలవు, లెక్క కట్టి చెక్కలో గాడి కోసి దిగ్గొట్టేస్తారు అని చెప్పాను. తీగ పొడవుని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు ఎక్కడో తెలుస్తుంది. మిగిలిన పొడవుని మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండోది. అలా పన్నెండో మెట్టుకి వచ్చేసరికి తీగ సరిగ్గా సగం అవుతుంది. నా గిటార్ తీగ 648 మిల్లీమీటర్లు, కాబట్టి మొదటి మెట్టు 36.4 దగ్గర ఉంటుంది. ఆయన శ్రద్ధగా విన్నారు. నాకు ఇష్టమైనది ఏదైనా మోగించమన్నారు. శ్రుతి చేసి, తీగలన్నీ కలిపి మీటే ఇ కార్డ్ మోగించాను. వెంటనే, "గాంధారం పైకుంది" అన్నారు.

ఉంది. సమాన భాగాల లెక్కలో గాంధారం (గ) షడ్జమం (స) నుంచి 400 సెంట్ల దగ్గర కూర్చుంటుంది, చెవికి శుద్ధంగా వినిపించేది 386 దగ్గర. ఆ 14 సెంట్ల తేడాతో గిటార్ వాయించే ప్రతివాడూ కుస్తీ పడతాడు. మూడో తీగని కాస్త దించితే ఇ కార్డ్ తీయగా ఉంటుంది, వెంటనే సి కార్డ్ చెడుతుంది. అన్ని శ్రుతుల్లోనూ వాయించుకోవడానికి గిటార్ ఈ రాజీ ఒప్పుకుంది. వీణకి ఆ అవసరం లేదు. దాని షడ్జమం ఒక చోట స్థిరంగా ఉంటుంది.

ఆ రోజు మేళం కట్టడానికి ఒక వీణ సిద్ధంగా ఉంది. మేళం కట్టడమంటే దండి పొడవునా రెండు వైపులా నల్ల మైనం గట్లు పోసి, వాటి మీద 24 మెట్లు నిలబెట్టడం. పన్నెండేసి చొప్పున రెండు స్థాయిలు. తేనె మైనంలో బొగ్గు పొడి లాంటివి కలిపి ఆ మైనం చేస్తారు. కొలబద్ద లేదు, గీతలు లేవు. మైనానికి కాస్త వేడి తగిలించి, మెట్టు ఆనించి, తీగ మీటి, విని, బొటనవేలితో వెంట్రుక వాసి జరిపి, మళ్ళీ మీటి. నేను పెట్టె తెర వాళ్ళ వైపు తిప్పలేదు, నా వైపే పెట్టుకున్నాను. ఆయన తల ఊపిన ప్రతిసారీ నా తెర మీద అంకె కూడా నిలకడగా ఒకచోట ఆగింది. కానీ అన్ని మెట్లకీ అది సరిగ్గా వందల దగ్గర ఆగలేదు. కొన్ని కొంచెం కింద, కొన్ని కొంచెం పైన.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది తర్వాత జరిగినది. ఆ వీణ ఒక విద్యార్థినిది. వాళ్ళ నాన్నగారితో కలిసి వచ్చి అక్కడే కూర్చుని ఉంది. పై స్థాయి మెట్లకి వచ్చేసరికి తాతగారు చేయి తీసేసి, "నువ్వు నొక్కమ్మా" అన్నారు. ఆ అమ్మాయి నొక్కింది. ఇంతకుముందు ఆయన వేలికి నిలబడ్డ అంకె, అదే మెట్టు మీద, అదే తీగకి, ఆమె వేలికి చాలా సెంట్లు పైకి పోయింది. ఆయన తెర చూడలేదు. విని, మెట్టుని కొంచెం వెనక్కి జరిపారు.

ఇది ఎందుకు జరుగుతుందో చెప్పాలి. గిటార్ మెట్లు చెక్కకి అంటుకున్నంత పొట్టివి, వేలు చెక్కకి తగిలి ఆగిపోతుంది. వీణ మెట్లు ఎత్తుగా ఉంటాయి, కింద ఖాళీ. ఎంత నొక్కితే తీగ అంత సాగుతుంది, శ్రుతి అంత పెరుగుతుంది. గమకం లాగడానికి కావలసిన వెసులుబాటు కూడా ఆ ఎత్తులోనే ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు గట్టిగా నొక్కుతారు, చేయి తిరిగినవాళ్ళు తేలిగ్గా ఆనిస్తారు. కాబట్టి స్వరం ఉండే చోటు మెట్టు ఒక్కటే తేల్చదు, వేలు కూడా కలిసి తేలుస్తుంది. నా లెక్కల పట్టికలో తీగకి ఒక గడి ఉంది, మెట్టుకి ఒక గడి ఉంది. వాయించేది ఎవరన్న దానికి గడి లేదు.

"మరి ఈ అమ్మాయి చేయి తిరిగాక?" అని అడిగాను.

"అప్పుడు మళ్ళీ తెస్తాది. మైనమే కదా, మళ్ళీ కడతాం. ఎండాకాలాలు పడితే ఎలాగూ జారతాది."

కంప్యూటర్లతో పనిచేసేవాళ్ళకి ఈ మాట విలువ తెలుస్తుంది. మార్చాల్సినవి ఏవో ముందే గ్రహించి, వాటిని కోడ్‌లోపల బిగించేయకుండా సెట్టింగుల్లో బయట ఉంచడం మంచి ప్రోగ్రామరు లక్షణం అంటాం. ఇక్కడ ఆ పని మైనంతో ఎన్ని తరాల నుంచో జరుగుతోంది.

భోజనాల వేళ దాటిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. చివరి మెట్టు నిలబెట్టాక ఆ అమ్మాయి మాయామాళవగౌళ రాగం ఆరోహణ, అవరోహణ వాయించింది. తర్వాత నేను గిటార్ శ్రుతి దించి ఆమె షడ్జమానికి కలిపాను. గాంధారం దగ్గర గిటార్, వీణ ఒకదాన్ని ఒకటి రాసుకుంటూ అలలు అలలుగా వినిపించాయి. మూడో తీగని పక్కకి లాగితే శ్రుతి పెరుగుతుందే గానీ తగ్గదు కదా, అందుకని కింది మెట్టు మీద నొక్కి పైకి లాగాను. అలలు ఆగిపోయాయి. తాతగారు మాట్లాడలేదు, ఇంకోసారి వాయించమని చేత్తో సైగ చేశారు.

సాయంత్రం బయల్దేరబోతుంటే, బండి స్టార్ట్ చేయగానే ఆయన అరుగు మీంచి అన్నారు: "బాబూ, నీ బండి టిక్కు టిక్కుమంటోంది. పొద్దున ఇంతలేదు."

నాకేమీ వినిపించలేదు. నాకు వినిపించేదంతా ఆ పాత బుల్లెట్ దడదడే.

రాత్రికి బొబ్బిలిలోనే ఉండిపోయాను. ఫ్యాన్ మాత్రమే ఉన్న గదికి ఏసీ గది రేటు చెప్పారు. బేరమాడే ఓపిక లేక ఇచ్చేశాను. రికార్డింగులన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, పట్టికలో 'వేలు' అని కొత్త గడి కలిపాను. ఒకే మెట్టు మీద ఇద్దరి వేళ్ళకీ వచ్చిన అంకెలు పక్కపక్కనే పెట్టి చూస్తే, మెట్టు కింద ఖాళీ ఎక్కువున్న చోట తేడా ఎక్కువ కనిపించింది. నా గిటార్ మీద కూడా ఇదే కొలవాలి, మెట్లు అరిగిన చోట ఒకసారి, కొత్తవి వేయించాక ఒకసారి.

పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగా, ట్యాపెట్ మూత విప్పాను. కిక్ కొడుతూ పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్‌లో పైదాకా తెచ్చి, పుష్‌రాడ్లు (వాల్వులని నెట్టే కడ్డీలు) రెండూ వేళ్ళతో పట్టి చూశాను. ఇన్‌లెట్‌ది హాయిగా తిరిగింది, పైకీ కిందికీ కదల్లేదు. ఎగ్జాస్ట్‌ది మాత్రం పైకీ కిందికీ ఆడుతోంది. ఆ టిక్కు టిక్కు దానిదే. రెండు స్పానర్లతో లాక్ నట్ వదులు చేసి, వేళ్ళతో తిరగాలి గానీ ఆడకూడదు అన్నంతవరకూ సరిచేసి, మళ్ళీ బిగించాను. వెళ్ళాల్సిన దారి అటు కాకపోయినా గొల్లపల్లి మీదుగా పోయి, ఆ ఇంటి ముందు ఇంజన్ ఆపకుండా బండి నిలబెట్టాను. తాతగారు ఉలి పక్కన పెట్టి, కాసేపు విని, "ఇప్పుడు బావుంది, ఎల్లిరా" అన్నారు.